రాగి ఊరిలో మూడు గంటలు

మన స్టోర్స్ యార్డులోని పాత మోటార్ల వైండింగులు, తెగిన కేబుళ్ళు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టలు తుక్కు కింద లెక్కకెక్కి, వేలంపాటలో ఎవరో కొనుక్కుపోయిన తరువాత వాటి సంగతి మనం మరచిపోతాము. రాగి కథ మాత్రం అక్కడితో ముగియదు. కరిగి మరల తీగ అవుతుంది, గొట్టమవుతుంది, బస్‌బార్ అవుతుంది. మెక్సికో దేశంలో ఒక ఊరున్నది. అక్కడ ఇటువంటి తుక్కే సమ్మెట దెబ్బలకు సాగి గంగాళమవుతుంది, పూలకుండీ అవుతుంది, వంకీలు తిరిగిన కూజా అవుతుంది. ఆ ఊరు శాంతా క్లారా దెల్ కోబ్రె. స్పానిష్ భాషలో 'కోబ్రె' అంటే రాగియే.

2024 ఫిబ్రవరిలో ఒక సాంకేతిక సదస్సు నిమిత్తం నేను మెక్సికో నగరానికి వెళ్ళవలసి వచ్చింది. సదస్సు ముగిసిన పిమ్మట మూడు రోజులు సెలవు మిగిలింది. సాధారణంగా మనవారు ఆ మూడు రోజులూ తేవోతివాకాన్ పిరమిడ్లకు, సముద్రతీరానికి కేటాయిస్తారు. లోహశాస్త్రం చదువుకొని, ఇరవై తొమ్మిదేళ్ళుగా కొలుముల చుట్టూ తిరుగుతున్నవాడిని కనుక నా మనస్సు రాగి వైపే లాగింది. కెమెరా చేతపట్టుకోవడం నాకు ఫిల్ము రీళ్ళ కాలంనుంచీ ఉన్న అలవాటు. ఆ ఊరిలో ఫోటోలు తీసుకొనేవారికోసం ప్రత్యేకంగా మూడు గంటల కాలినడక ఏర్పాటు చేస్తారని తెలిసి, పేరు నమోదు చేయించుకున్నాను.

మెక్సికో నగరంనుంచి పడమరగా బస్సులో రమారమి నాలుగు గంటలు ప్రయాణిస్తే మిచోవాకాన్ రాష్ట్ర రాజధాని మొరేలియా వస్తుంది. అక్కడికి గంట దూరంలో పాట్స్‌క్వారో అనే సరస్సు, దాని పేరే పెట్టుకొన్న పాత పట్టణం. ఆ పట్టణంనుంచి అరగంట దక్షిణంగా కొండలెక్కితే శాంతా క్లారా. సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది; మన ఊటీ ఎత్తేనన్నమాట. ఉదయం స్వెట్టరు కావాలి, మధ్యాహ్నం చెట్టునీడ కావాలి. దారి పొడవునా దేవదారును పోలిన పైన్ చెట్లు. మధ్య మధ్య ఆ చెట్లు పోయినచోట అవకాడో తోటలు. చీకటి పడేలోగా పాట్స్‌క్వారోకు తిరిగి వచ్చేయమని హోటలువారు మరీ మరీ చెప్పారు. ఆ రాష్ట్రంలో శాంతిభద్రతల పరిస్థితి దృష్ట్యా అది పాటించదగిన సలహాయే.

ఈ ప్రాంతం పురెపెచా జాతివారిది. స్పానిష్‌వారు రాకముందే వారు రాగిని, కంచును ఎరిగినవారు. గంటలు, గొడ్డళ్ళు, సూదులు, చిమటాలు చేసేవారు. పురోహితులు రాగి చిమటాను మెడలో పదవీచిహ్నంగా ధరించేవారట. మధ్య అమెరికా చరిత్రలో లోహవిద్యకు పశ్చిమ మెక్సికోయే ముఖ్యస్థానం; ఆ విద్య దక్షిణ అమెరికానుంచి సముద్రమార్గాన చేరినదని పరిశోధకుల అభిప్రాయం. 16వ శతాబ్దంలో ఇక్కడికి తొలి బిషప్పుగా వచ్చిన వాస్కో దె కిరోగా, సరస్సు చుట్టుపక్కల గ్రామాలకు ఒక్కొక్క వృత్తిని అప్పగించాడని, ఒక ఊరు కుండలు, ఒక ఊరు కొయ్యపని, మరొకటి నేత, ఇది రాగి అని జనశ్రుతి. ఆయన వృత్తిరీత్యా మొదట న్యాయాధికారి. థామస్ మోర్ రచించిన 'యుటోపియా' చదివి ప్రభావితుడైనవాడు. 1565లో గతించిన ఆ మనిషిని ఈనాటికీ 'తాతా వాస్కో' అని పిలుచుకుంటున్నారు. పురెపెచా భాషలో 'తాతా' అంటే తండ్రి, పెద్దాయన. తెలుగువాడి చెవికి ఆ మాట ఎంత ఇంపుగా తగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

మా బృందంలో ఐదుగురం. నేను కాక ఒక కెనడా దంపతులు, మెక్సికో నగరపు యువకుడొకడు, ఒక జర్మన్ ఉపాధ్యాయిని. మార్గదర్శి ఆ ఊరి ఆడపడుచే. ఆమె తండ్రి, తాత సమ్మెట పట్టినవారు. ఆమె కెమెరా పట్టింది. ప్రధాన కూడలిలో, రాగి తొడుగు వేసిన కప్పుగల మంటపం దగ్గర నిలబెట్టి మాకు మూడు నియమాలు చెప్పింది. పనిశాలలో ప్రవేశించిన మొదటి పది నిమిషాలు కెమెరా సంచిలోనుంచి తీయరాదు. అడగకుండా ముఖం తీయరాదు. ఫ్లాష్ ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించరాదు. మొదటి రెండూ మర్యాదకు సంబంధించినవి. మూడవదానికి కారణమేమిటని జర్మన్ ఉపాధ్యాయిని అడిగితే, "లోపలికి వెళ్ళాక మీకే తెలుస్తుంది" అన్నది.

తెల్లని గోడలు, అడుగున ఎర్ర రంగు పట్టీ, పెంకుటిళ్ళు, ప్రతి గుమ్మంలోనూ తళతళలాడే పాత్రలు. కెమెరాకు ఇవన్నీ తేలికగా దొరికే బొమ్మలు. అరగంటలో అందరమూ చాలినన్ని తీసుకున్నాము. వాటి గురించి వ్రాయవలసినది ఎక్కువ లేదు. వ్రాయవలసినదంతా ఒక సందు చివర, మట్టి ఇటుకల గోడలమధ్య, కిటికీ లేని ఒక పనిశాలలో ఉన్నది.

ఆ చీకటికి కళ్ళు అలవాటు పడడానికి నిజంగానే పది నిమిషాలు పట్టింది. ఒక మూల నేలలో తవ్విన కొలిమి. అందులో పైన్ కట్టెల బొగ్గు. గోడకు ఆనించి పాతకాలపు తోలు తిత్తి ఉన్నది కాని, గాలి ఊదుతున్నది మాత్రం కరెంటు బ్లోయరే. పక్కన గుట్టగా రాగి తీగలు. వాటిని చూడగానే ప్రాణం లేచివచ్చింది: ఇన్సులేషను ఒలిచిన కేబులు, మోటారు వైండింగు, చదునైన పట్టీలు. పూర్వం ఈ ఊరికి దక్షిణాన ఉన్న ఇంగ్వారాన్ గనుల రాగి వచ్చేది. ఇప్పుడు విద్యుత్ తుక్కే ముడిసరుకు. వారికిది లాభదాయకమే. విద్యుత్ వాహకానికి వాడే రాగి 99.9 శాతానికి తక్కువ కాని శుద్ధి కలది. దానంత మెత్తగా సాగే రాగి మరొకటి దొరకదు. అయితే పొరపాటున టంకం అంటిన ముక్కలు ఎక్కువగా కలిస్తే, అందులోని సీసంవల్ల రాగి ఎర్రగా ఉన్నప్పుడే సుత్తి కింద పగులుతుంది. అందుకే ఒక ముసలాయన కిటికీ లేని ఆ గదిలోంచి గుమ్మంలోకి వచ్చి కూర్చుని, వెలుతురులో ఒక్కొక్క తీగ చూసి ఏరుతున్నాడు. మన ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్ విభాగం మొత్తం ఆయన రెండు కళ్ళలో ఉన్నది.

తుక్కును కొలిమిలో కరిగిస్తారు. 1,085 డిగ్రీల దగ్గర కరిగిన రాగి, బూడిద అలికిన గుంటలోకి దిగి చల్లారి, మందపాటి రొట్టెవలె గడ్డకడుతుంది. దీనిని 'తేహో' అంటారు. మేము చూసినది నాలుగు కిలోలది. అలవాటు కొద్దీ లెక్క కట్టాను. రాగి సాంద్రత 8.96 కనుక అది రమారమి 450 ఘన సెంటీమీటర్లు; 18 సెంటీమీటర్ల అడ్డు ఉంటే మందం రెండు సెంటీమీటర్లకు లోపు. దీనిని మూడు మిల్లీమీటర్ల రేకుగా సాగదీయాలంటే అడ్డు 43 సెంటీమీటర్లు దాటాలి. మన వర్క్‌షాపులో అయితే రోలింగ్ మిల్లులో నాలుగు పాసులు. ఇక్కడ ఐదుగురు మనుషులు.

ఆ ఐదుగురి పని చూడడానికే అంత దూరం వెళ్ళినా వృథా కాదు. 'మాయెస్త్రో' అని అందరూ పిలిచే పెద్దాయన పొడవైన పట్టకారుతో ఎర్రని తేహోను దాగలిమీద పెట్టాడు. నలుగురు యువకులు సమ్మెటలతో చుట్టూ నిలిచారు. మొదటి సమ్మెట పడి లేచేలోగా రెండవది, అది లేచేలోగా మూడవది. పడిన ప్రతి దెబ్బకూ, తరువాతి దెబ్బకూ మధ్యనున్న రెప్పపాటులో పెద్దాయన తేహోను అంగుళం తిప్పుతున్నాడు. చిన్నతనంలో మా ఇంట ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోటి చుట్టూ నిలిచి, మూడు రోకళ్ళతో వడ్లు దంచడం చూసినవాడిని. ఒక రోకలి మరొక రోకలికి తగలదు. ఒక్క గింజ బయట పడదు. అదే తూకం, అదే లయ ఇక్కడ ఇనుముతో జరుగుతున్నది. తేడా ఏమంటే, లయ తప్పితే ఇక్కడ పోయేది గింజ కాదు, పెద్దాయన మణికట్టు.

ఫ్లాష్ ఎందుకు కూడదో అప్పుడు అర్థమైంది. హఠాత్తుగా మెరిసిన వెలుగు సమ్మెట ఎత్తినవాని కళ్ళకు రెప్పపాటు చీకటి కమ్మిస్తుంది. ఆ రెప్పపాటులో దెబ్బ ఎక్కడ పడుతుందో చెప్పలేము. ఇది భద్రతకు సంబంధించిన కారణం. ఇంకొక కారణం మార్గదర్శి తరువాత చెప్పింది. ఇంజనీరుగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ రెండవదే. ఆ గదిలో పైరోమీటరు లేదు, థర్మోకపుల్ లేదు. రాగి ఎంత వేడెక్కినదో మాయెస్త్రో దాని రంగు చూసి తెలుసుకుంటాడు. ముదురు ఎరుపు ఒక పనికి, చెర్రీపండు ఎరుపు మరొక పనికి. నారింజ రంగు వచ్చినదంటే ఇక ప్రమాదమే. పట్టపగటి వెలుతురులో ఆ ఎరుపుల తేడా కంటికి అందదు. కనుకనే కిటికీలు లేవు. మేము లోపలికి వస్తూనే "అయ్యో, ఎంత చీకటి!" అని విసుక్కున్నామే, ఆ చీకటి వారి కొలత పరికరం. ఫోటో తీసేవాడికి వెలుతురు కావాలి, రాగి కొట్టేవాడికి చీకటి కావాలి. ఆ గదిలో ఎవరి మాట చెల్లాలో సందేహం లేదు.

అనుమతి లభించిన తరువాత అందరమూ కెమెరాలు తీశాము. మార్గదర్శి మంచి సూచనలిచ్చింది. ఎక్స్‌పోజరును గోడమీదనుంచి కాక మంటమీదనుంచి కొలవమన్నది; గోడ నల్లబడినా ఫరవాలేదన్నది. షటరు వేగం సెకనులో 500వ వంతు పెడితే సమ్మెట గాలిలో శిలలాగా నిలిచిపోతుంది, చూసేవారికి దెబ్బ తెలియదు. 30వ వంతు పెడితే సమ్మెట చెదరిపోయినా దెబ్బ తెలుస్తుంది. నేను రెండవదే ఎంచుకున్నాను. ఇరవైలో పదహారు బొమ్మలు పనికిరాకపోయినా మిగిలిన నాలుగూ చాలు.

మెక్సికో నగరపు యువకుడు తాను తీసిన బొమ్మను కెమెరా తెరమీద మాయెస్త్రోకు చూపించాడు. అందులో రాగి పసుపు రంగులో ధగధగలాడుతున్నది. చాలా అందంగా ఉన్నదని మేమందరమూ మెచ్చుకున్నాము. మాయెస్త్రో చూసి, కడుపుబ్బ నవ్వి ఏదో అన్నాడు. మార్గదర్శి అనువదించింది: "ఇంత వేడి ఎక్కితే అది నా పట్టకారులో ఉండదు బాబూ, నేలమీద పారుతూ ఉంటుంది." నూటికి నూరుపాళ్ళూ సబబైన మాట. మండే లోహపు వెలుగు ఎక్కువైనప్పుడు డిజిటల్ సెన్సారులో ఎరుపు పాలు నిండిపోయి, మిగతా రంగులు పైకి తేలి, ఎరుపు కాస్తా పసుపుగా నమోదవుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను కెమెరాకే వదిలిపెడితే ఇంకా మారిపోతుంది. ఎక్స్‌పోజరు బాగా తగ్గించి తీసిన తరువాత గాని ఆయన తల ఊపలేదు. ఫోటో బాగున్నదనడానికి ఆయన పెట్టుకున్న కొలమానం ఒక్కటే: దానిని చూసి తరువాతి దెబ్బ ఎప్పుడు వేయాలో చెప్పగలగాలి.

ఆ తరువాతి పని నెమ్మదిగా సాగుతుంది. రేకైన రాగిని ఇనుప దిమ్మెలమీద బోర్లించి అంచులు పైకి లేపుతారు. కొట్టిన కొద్దీ రాగి బిరుసెక్కుతుంది. మరల ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే మెత్తబడుతుంది. ఉక్కు ఇందుకు విరుద్ధమని మన మిత్రులకు తెలుసు. నీటిలో ముంచడం రాగిని గట్టిపరచదు. పైనున్న నల్లని పొర మాత్రం ఊడిపోతుంది. ఒక్క పాత్రకు ఈ కాల్పు ఎన్నిసార్లు అని అడిగితే లెక్కపెట్టలేదన్నారు. ఎప్పుడు కాల్చాలో చెవి చెబుతుందట. మెత్తని రాగి దెబ్బకు మందంగా పలుకుతుంది. బిరుసెక్కిన రాగి ఖంగుమంటుంది. మన కర్మాగారంలో అంత మోతకు ఇయర్ ప్లగ్గులు తప్పనిసరి. అక్కడ ఎవరి చెవులలోనూ ఏమీ లేవు. చెవి మూసుకుంటే పని తెలియదు. మూసుకోకపోతే కొన్నాళ్ళకు చెవే ఉండదు. మాయెస్త్రోతో మాట్లాడేటప్పుడు కొడుకు ఆయన ఎడమ చెవి దగ్గరకు వంగి గట్టిగా చెప్పవలసి వస్తున్నది. ఈ చిక్కుకు నా దగ్గర పరిష్కారం లేదు. భద్రతా విభాగంలో పనిచేసే మన మిత్రులెవరైనా ఆలోచిస్తే బాగుండును.

నడకలో చివరి అంకం దుకాణాలు. ఇక్కడే అసలు విషయమున్నది. కెనడా దంపతులు రెండు కూజాలు పక్కపక్కన పెట్టి, ఒకటి రెండవదానికి మూడింతల ధర చెబుతున్నారేమిటని అడిగారు. చూడడానికి రెండూ ఒకటే. ఫోటో తీస్తే ఏది ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మార్గదర్శి రెండింటినీ వారి చేతుల్లో పెట్టింది. ఒకటి బరువు. దాని అంచు చిటికెనవేలంత దళసరి. కిందికి దిగిన కొద్దీ గోడ పలచబడుతుంది. అది తేహోనుంచి వచ్చినది, ఐదుగురు కొట్టినది. రెండవది ఫ్యాక్టరీలో చుట్టిన రేకును కత్తిరించి ఒక్క మనిషి మలచినది; గోడ అంతటా ఒకే మందం. సుత్తి గుర్తులు రెండింటిమీదా ఉన్నవి.

రేకుపని చేసేవారు తక్కువవారని నేననను. జనగామ దగ్గరి మన పెంబర్తి శిల్పులు రేకుమీదనే పనిచేస్తారు; నగిషీలో వారి సాటి వారే. అక్కడ కళ ఉబ్బెత్తు చెక్కడంలో ఉన్నది, రేకు కొని తెచ్చుకోవడం దానికి లోటు కాదు. శాంతా క్లారాలో ఖ్యాతి అంతా గడ్డనుంచి పాత్రను లాగడంలో ఉన్నది. రేకు పాత్రను రేకు పాత్రగా అమ్మితే ఎవరికీ నష్టం లేదు. రెండూ ఒకే బల్లమీద ఒకే మాటతో అమ్ముడుపోయినప్పుడు చవకైనది గెలుస్తుంది, ఐదుగురి జట్టు విడిపోతుంది. జట్టు విడిపోతే సమ్మెటల లయ నేర్పేవారుండరు. అది ఒక్కడు కూర్చుని నేర్చుకోగలిగే విద్య కాదు కదా.

మాయెస్త్రో కొడుకు దాపరికం లేకుండా మాట్లాడాడు. తాను వారంలో నాలుగు రోజులు రేకుపనే చేస్తానన్నాడు. సమ్మెటలు పట్టే నలుగురిలో ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు, ఒకడు పొరుగువాడు, నాలుగవవాడు వచ్చే ఏడాదికి ఉత్తరాన అమెరికా చేరుకోవాలని చూస్తున్నాడట. మిచోవాకాన్‌నుంచి అటు వలస తరతరాలుగా సాగుతున్నదే. "పెద్ద పాత్రకు ఆర్డరు వస్తేనే నలుగురినీ పిలుస్తాను. ఆర్డరు ఇచ్చేవాళ్ళు ఫోటో చూసి ఇస్తారు. ఫోటోలో బరువు కనబడదు" అన్నాడు. కెమెరాలు మెడలో వేసుకున్న మా ఐదుగురికీ ఆ మాట తగలవలసినచోటే తగిలింది.

ఈ ఊరికి ఇది మొదటి గండం కాదు. 1970లలో జేమ్స్ మెట్‌కాఫ్ అనే అమెరికన్ శిల్పి, ఆయన భార్య, మెక్సికో శిల్పి ఆనా పెలిసేర్ ఇక్కడే స్థిరపడి, స్థానికులకు పాఠశాల నెలకొల్పి, గంగాళాలు చేసే చేతులచేత శిల్పాలు చేయించారు. ఇప్పుడు దుకాణాలలో కనిపించే దళసరి అంచుల కూజాల వెనుక ఆ రోజుల పూనిక ఉన్నది. ఊరిలోని జాతీయ రాగి సంగ్రహాలయంలో పోటీలలో గెలిచిన పాత్రలు చూడవచ్చు. భవనం చిన్నదే, గంట చాలు. నాకైతే అద్దాల వెనుక ఉన్న పాత్రలకంటే అద్దం లేకుండా చేతికందినదే ఎక్కువ చెప్పింది.

ఒక చిన్న గిన్నె కొన్నాను. తేహోనుంచి చేసినదే. ధర విషయమై బేరమాడాలనిపించలేదు. కెనడా దంపతులు కూడా చివరికి బరువైన కూజానే తీసుకున్నారు. జర్మన్ ఉపాధ్యాయిని రేకు పళ్ళెం కొని, అది రేకుదేనని బిల్లు మీద వ్రాయించుకున్నది. ఆ పద్ధతి నాకు నచ్చింది. దుకాణదారు కూడా నొచ్చుకోకుండా వ్రాసి ఇచ్చాడు.

వెళ్ళదలచిన మిత్రులకు కొన్ని మాటలు. ఆగస్టులో ఇక్కడ జాతీయ రాగి ఉత్సవం, సమ్మెటపని పోటీలు జరుగుతాయి. అయితే అది వానాకాలం. కెమెరాకు ప్లాస్టిక్ తొడుగు మరువరాదు. ఎండాకాలం కావాలంటే నవంబరునుంచి ఏప్రిల్ వరకు మంచిది. పనిశాలకు ఉదయమే చేరుకోవాలి. సమ్మెటలపని చల్లటి పూటే సాగుతుంది. శాకాహారులు మొక్కజొన్న ఆకులో చుట్టి ఉడికించిన 'కోరుండా' చూసి కుడుము దొరికినదని సంబరపడవచ్చు, కాని పిండిలో పందికొవ్వు కలపడం అక్కడి ఆచారం కనుక ముందే అడగాలి. సరస్సు చేపలు తినేవారికి ఇబ్బంది లేదు. 'చరాలెస్' అనే చిన్న చేపల వేపుడు మన నెత్తళ్ళను తలపిస్తుంది. జేబులో కొంచెం దూది ఉంచుకోండి, చెవులకోసం. తీసిన ఫోటోల అచ్చుప్రతులు పంపిస్తామని చెప్పినవారు తప్పక పంపండి. నేను పంపిన నాలుగింటిలో పెద్దాయన పనిశాల గోడకు తగిలించుకున్నది ఒక్కటేనని మార్గదర్శి ఉత్తరం వ్రాసింది: సమ్మెటలు చెదరిపోయి, ముఖాలు కనబడక, ముదురు ఎరుపు రాగి మాత్రమే స్పష్టంగా ఉన్నది.